టీచరమ్మ దగ్గు

సైన్సు టీచరమ్మ వేళ్లకి సుద్దపొడి ఎప్పుడూ అంటుకునే ఉంటుంది. దగ్గర్లో పండిన కూరే ఒంటికి మంచిదని, దూరం నుంచి వచ్చేది దారిలోనే సగం సారం పోగొట్టుకుంటుందని ఏటా ఏడో తరగతికి గొంతు చించుకుని చెబుతుంది. బడి వదిలాక మాత్రం చల్లటి పెద్ద షాపులో దూరి, తరిగి ప్యాకెట్లో పెట్టిన బీన్స్ కొని పరీక్ష పేపర్ల కింద దాచుకుంటుంది. పీచు తీసే ఓపిక ఎక్కడిది మరి! వీధి మలుపులో, సొంత మడిలో పండించినవి అమ్ముకునే పెద్దమ్మ కూర్చుంటుంది. పదేళ్లు ఆమె దగ్గరే కొని ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని దాటాలో తెలియక, నెల రోజులుగా టీచరమ్మ వెనక సందులోంచి చుట్టు తిరిగి ఇల్లు చేరుతోంది.

నిన్న సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. తీస్తే పెద్దమ్మ. చేతిలో తడిగుడ్డ చుట్టిన లేత సొరకాయ. కోసిన తొడిమ ఇంకా ఆరలేదు.

"నెల్లాళ్లయింది నువ్వు కనపడక. ఒంట్లో బాగాలేదేమోనని భయపడ్డాను టీచరమ్మా. పత్యానికి మంచిదని నీకోసమే కోశాను. ఇప్పుడెలా ఉంది?"

టీచరమ్మకి తల కొట్టేసినట్టయింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వెనకాల బల్ల మీద బీన్స్ ప్యాకెట్ ఉంది. గుమ్మానికి అడ్డంగా జరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గింది.

"అయ్యో, ఇంకా తగ్గలేదన్నమాట! నువ్వు బయటికి రాకు తల్లీ, రోజూ నేనే తెచ్చిస్తాను."