మౌస్ ముట్టని తమ్ముడు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక టైర్ల షాపు మీద మా ఆఫీసు. గోడౌన్లకు స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. నా పక్క కుర్చీ కరీంనగర్ తమ్ముడిది. ప్రోగ్రాం రాయాలంటే నాకు రంగులూ బటన్లూ ఉన్న ఎడిటర్ కావాలి. అతనికి ఒట్టి నల్లటి తెర చాలు, ప్రతి పనీ కీబోర్డు మీదే. మౌస్ ముట్టుకుంటే మడి చెడుతుందన్నట్టు ఉండేవాడు. ఆ మౌస్ కింద ఒక సాలీడు కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాళ్లకు వీసాలు కూడా చేయించింది. కళ్లారా చూశాను.

"ఒరే తమ్ముడూ, నీ తెర చూసి కరెంటు పోయిందనుకున్నా."

"నీది జాతరల రంగులరాట్నం లెక్క ఉన్నది అన్నా."

ఇలా ఉండగా మా ఈజిప్టు ముదీర్‌కు, అంటే మేనేజరుకు, క్రమశిక్షణ మీద మనసైంది. వచ్చే వారం నుంచి ఆఫీసంతా ఒకే ఎడిటర్ వాడాలన్నాడు. అది నేను వాడేది. పదేళ్ల అలవాటు, వేళ్లు కదలవు సార్ అని తమ్ముడు బతిమాలాడు. అప్పుడే తమ్ముడి కుర్చీలో కూర్చుని, అతని కంప్యూటర్లోనే కస్టమరుకు అరబ్బీలో రెండు ముక్కల మెయిల్ కొట్టిన ముదీర్, లేస్తూ ఒక ఫైలు చూపించాడు.

"ఇందులో పాత కోడ్ ఉన్న ప్రతిచోటా కొత్తది పెట్టు. నా చాయ్ అయ్యేలోగా చేస్తే నీ నల్ల తెర నీదే. లేకపోతే ఖలాస్. యల్లా, కానీ!"

తమ్ముడు భుజాలు సర్దుకుని ఒక కీ నొక్కాడు. బీప్. ఇంకోటి. బీప్. బీప్. కింద టైర్ల షాపువాళ్లు లారీ వెనక్కొస్తోందనుకుని పక్కకు తప్పుకున్నారు. చాయ్ సగమైంది. అంత ఏసీలోనూ తమ్ముడికి చెమటలు.

తెర మూల అరబ్బీ అక్షరం నాకు కనబడింది. ముదీర్ కీబోర్డును అరబ్బీలోనే వదిలేశాడు. నల్ల తెరకేమో ఇంగ్లీషు తప్ప ఎక్కదు. రెండు కీలు కలిపి నొక్కితే మారిపోతుంది. అంత తేలిగ్గా చెప్పేస్తే నేను నేనెందుకవుతాను?

"కింద మూల అరబ్బీ ఉంది తమ్ముడూ. మౌస్‌తో నొక్కు."

"కీ లేదా అన్నా?"

"మౌసే."

"ఇజ్జత్ తీస్తున్నవ్."

"చాయ్ అడుగుకొచ్చింది, చూసుకో మరి."

కళ్లు మూసుకుని పట్టుకున్నాడు. సాలీడు కుటుంబం చెల్లాచెదురైంది. ఒక్క నొక్కు. ఆపైన ఒక్క వరుస కొట్టాడు, ఫైలంతా మారిపోయింది. ముదీర్ తన గ్లాసులో మిగిలిన గుక్కెడు చాయ్ వంకా, తెర వంకా చూసి, "ఎవరి ఎడిటర్ వాళ్లదే" అన్నాడు.

తమ్ముడు నేరుగా వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు.

"నేను మౌస్ పట్టినట్టు ఎవ్వలకు చెప్పకు అన్నా."

మాటిచ్చాను. సాయంత్రం కంపెనీ బస్సులో ఉన్నవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. డ్రైవరు పఠాన్, పాపం తెలుగు రాదు. అతనికి హిందీలో చెప్పాను.