నాలుగో తరగతి చదివే టీచర్

సుగుణ ఎక్కడ మాట మొదలుపెట్టినా కూతురి దగ్గరికి వచ్చే ఆగుతుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ఏరే కూలి ఆమెది. పొద్దున్నే షేర్ ఆటోలో ధర్మసాగర్ మీదుగా పోతుంది, సాయంత్రం ఘాటుకు కళ్ళు ఎర్రబడి తిరిగొస్తుంది. మొగుడు గోపాల్ సెంట్రింగ్ పనికి ఊళ్ళు పట్టుకుని తిరిగే మనిషి. ఇల్లు నడిపేది ఈమే. ఇంటికి పోతూ నా కిరాణా కొట్టు ముందు ఆగి, కొనేది ఒక్క సబ్బే అయినా, కూతురు దీప్తి ముచ్చట చెప్పనిదే కదలదు. గిరాకీ ఉన్నప్పుడు విసుక్కుంటే అలుగుతుంది కూడా.

మా ఊరి సర్కారు బడిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. గోడల నిండా రైలు బొమ్మ, కొత్త గేటు, పూలకుండీలు. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఊరికే పుట్టలేదు. అయిదు తరగతులకూ కలిపి ఒక్కతే టీచరు, రమ. మంచిమనిషే, పాపం. కానీ ఆమెను పాఠం చెప్పుకోనిస్తే కదా? ఇవాళ సర్వే అంటారు, రేపు మీటింగు అంటారు, మధ్యాహ్నం అన్నం ఫోటో ఫోన్లో ఎక్కించమంటారు. ఆమె వరండాలో ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం తిరుగుతుంటే రోడ్డు మీది నుంచి నేనే చాలాసార్లు చూశాను.

దీప్తి మూడో తరగతిలో ఉండగా బడిలో స్వపరిపాలన దినం జరిపారు. ఆ ఒక్కరోజు పిల్లలే టీచర్లు. సుగుణ తన పచ్చ చీరను సగానికి మడిచి, పిన్నులు పెట్టి కూతురికి కట్టింది. చాక్‌పీస్ పట్టుకుని దీప్తి ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెబితే, చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దంగా కూర్చున్నారట. రమ టీచర్ మురిసిపోయింది. మర్నాడు మీటింగుకు పోతూ, "దీప్తీ, నిన్నటి తీరు చిన్నపిల్లలను జర చూసుకో" అని చెప్పి పోయింది.

ఆ వేషం ఒక్క పూటతో అయిపోవాలి కదా? అవలేదు. చీర ఒక్కటే విప్పింది, చాక్‌పీస్ చేతిలోనే ఉండిపోయింది. సుగుణకు కాళ్ళు నేలమీద నిలవలేదు. ఆటోలో ఆడవాళ్ళు ఆమెను టీచరమ్మ తల్లి అని పిలవడం మొదలుపెట్టారు. మా బిడ్డ లేకుంటే బడే నడవదని ఆమె చెబుతుంటే అందరం భేష్ అన్నాం.

దీప్తి నాలుగులోకి వచ్చాక గురుకులం పరీక్షకు దరఖాస్తు పెట్టారు. అందులో సీటొస్తే అయిదు నుంచి ఇంటర్ దాకా చదువు, తిండి, బట్ట అన్నీ వాళ్ళవే. సుగుణ ఆశంతా దాని మీదే. పరీక్ష దగ్గర పడుతుండగా ఒక ఆదివారం కూతురిని తీసుకుని కొట్టుకు వచ్చింది.

"సేటూ, మా పోరిని జర లెక్కలు అడుగు. ఎట్ల చెప్తదో సూడు" అంది.

కూడికలు అడిగాను. టకటకా చెప్పింది. చెప్పడమే కాదు, "పిల్లలూ, చేతులు కట్టుకోండ్రి" అని లేని పిల్లలను గద్దించింది కూడా. నవ్వాపుకుని, భాగహారం ఇచ్చాను. దీప్తి నా మొహం కేసి చూసింది.

"అది నాకు రాదు సేటు తాతా."

"రాకపోవుడేంది? నాలుగో తరగతి కదా నువ్వు?"

"నేను చిన్నపిల్లలకు చెప్తాన కదా. ఒకటి, రెండు తరగతులయే చెప్తాన."

"మరి నీకెవ్వరు చెప్తరు?"

"టీచర్ వచ్చినంక చెప్తది. వచ్చినంక మల్ల మీటింగ్ ఉంటది" అంది. ఎవరి మీదా ఫిర్యాదు లేదు ఆ పిల్లకు.

సుగుణ తీసుకున్న సబ్బును మళ్ళీ గల్లా మీదే పెట్టేసింది. మూడో తరగతి పుస్తకంలోదీ అడిగాను, నాలుగులోదీ అడిగాను. రెండో తరగతి దాటి ఒక్క ముక్క వస్తే ఒట్టు. దాదాపు రెండేళ్ళు ఆ పిల్ల రోజూ బడికి పోయింది, చదువుకోవడానికి మాత్రం పోలేదు.

మర్నాడు సుగుణ పనికి పోలేదు. "నాకు మాట తోయదు సేటూ, జర నువ్వు గూడ రా" అంటే నేనూ బడికి వెళ్ళాను. లోపల దీప్తి బోర్డు దగ్గరుంది. రమ టీచర్ వరండాలో ఉంది. సుగుణకు మాట తోయకపోవడమేమిటి, కడిగేసింది.

"మేడం, నేను కూలికి పోతానని నా బిడ్డను బడికి పంపితి. అది గూడ ఈడ కూలే చేస్తాంది. నాకైతే పైసలన్న ఇస్తరు."

రమ టీచర్ వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. కళ్ళు తుడుచుకుంది.

"నిజమే సుగుణక్కా. ఇంకో టీచర్ను ఇయ్యిండ్రని అడిగి అడిగి అలిసిపోయిన. ఇంకొక్క మాట చెప్తా, కోపం చేయకు. గురుకులం ఈ ఏడు ఆపరాదూ? దీప్తి గూడ పోతే నేను ఒక్కదాన్ని ఎట్ల నడుపుత ఈ బడి?"

సుగుణ ముక్కున వేలేసుకుంది. నాకైతే ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల లేకపోతే బడి మూతపడుతుందని సాక్షాత్తూ టీచరే అంటుంటే ఇంక ఎవరిని తిట్టాలి? ఆ టీచర్‌నా, మీటింగులు పెట్టేవాళ్ళనా, చప్పట్లు కొట్టిన మమ్మల్నా?

సుగుణ పరీక్ష ఆపలేదు. మిగిలిన కొద్ది రోజులూ నాకు వచ్చిన లెక్కలు నేను నేర్పాను. పిల్ల చురుకైనది, భాగహారం పట్టేసింది. సీటు రావచ్చని నాకూ ఆశ పుట్టింది. పరీక్ష రోజు హనుమకొండలో సెంటరు గేటు బయట ఇద్దరం ఎదురుచూశాం. దీప్తి నవ్వుకుంటూ వచ్చింది.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?" అని సుగుణ ఆత్రంగా అడిగింది.

"నా పక్క బెంచీల ఒక పిల్ల ఏడుస్తాందే అమ్మా. ఏం తెలుస్తలేదట. నేను ఊకోబెట్టిన. లెక్క ఎట్ల చేయాల్నో మెల్లగ చెప్తాంటే సారు నన్ను తిట్టిండు. అయినా చెప్పిన. ఆమె మొత్తం రాసింది."

"మరి నువ్వో?"

"నాకు టైం సరిపోలేదు" అంది దీప్తి.