రెక్కల పాము చూపిన గుంత

భీమక్క చేతిలోని పుస్తకాన్ని మా ఊరు మొదటినుంచీ నమ్మలేదు.

కోయిలకుంట్ల దగ్గరి మా గుట్టమీద పాడుబడిన నరసింహస్వామి గుడి ఉంది. దాని తాళంచెవి భీమక్కది. అత్తగారి తరువాత ఊడ్చి దీపం పెట్టే బాధ్యత ఆమెకు వచ్చింది. భర్త పోయిన ఆమెకు ఊరు మిగిల్చిన గౌరవమంతా ఆ తాళంచెవే. పని ముగిశాక మండపం నీడలో కూర్చొని, కర్నూలు పుస్తక ప్రదర్శనలో మేనకోడలు శివాని కొనిచ్చిన లావుపాటి నవల చదివేది. అందులో డ్రాగన్లు, మాయాద్వీపాలు, మంచుకోటలు. డ్రాగన్‌ను ఆమె ‘రెక్కల పాము’ అనేది. అది ఆకాశంలోకి లేచే ఘట్టం వస్తే పెదవులు కదుపుతూ చదివేది. తనివి తీరక పుట వెనక్కి తిప్పి మళ్లీ చదివేది.

దూరంనుంచి చూసేవారికి ఆ పెదవుల కదలిక మంత్రజపం. మొదటి పుటలో ఉందని ఊళ్లో చెప్పుకునే పటం మరింత అనుమానాస్పదం: చీలిన బండ, దాని కింద శిథిలాలయం, బంగారు రాశిని చుట్టుకున్న పాము. నిధికి పాము కాపలా ఉంటుందని నమ్మే సీమలో ఇంతకన్నా సాక్ష్యం ఎవరడుగుతారు? పైగా మా గుట్టమీద కూడా చీలిన బండ ఉంది.

ఒక ఉదయం ఆ బండ కింద నడుములోతు గుంత కనిపించింది. మధ్యాహ్నానికి గుడి ముందు జనం చేరారు. గుడి కమిటీ పెద్ద రామలింగప్ప చెయ్యి చాచాడు.

“తాళంచెవి ఈడ పెట్టు భీమక్కా.”

“ఏం తప్పు చేసినానని?”

“నీ పుస్తకంలో పాము తోక యాడ చూపిస్తాందో గుంత ఆడనే ఉండాది. ఇంగేం కావల్ల?”

చూపులన్నీ ఆమె మీదికి తిరిగాయి. కొంగుకు ముడివేసిన తాళంచెవిని ఆమె పిడికిట బిగించింది.

“తోక సంగతి నీకు బాగా గుర్తుండాదే రామలింగప్పా! ఆ పటం నేను చూపించింది నీకొక్కనికే. ఫోన్ పెట్టి ఫొటో కొట్టుకుంటివి.”

“సాక్ష్యానికి కొట్టుకున్న్యా!”

“కొట్టుకుంటే కొట్టుకుంటివి, పుట తిప్పకపోతివే! దొంగల్ని దోవ తప్పించనీకి మాంత్రికుడు గీసిన అబద్ధపు పటం అది. ఆడ తవ్వినోళ్లకు రాళ్లే దొరికినాయని కథలోనే ఉండాది. కడదాకా చదివిన నేను ఆడ తవ్వుతానా?”

వెనకనుంచి రామలింగప్పకు అల్లుడి వరసయ్యే ఓబుళేశు గొంతు లేచింది. “మామా, మొన్న నా గడ్డపార అడిగి తీసకపోతివి. ఇంగా ఇయ్యలేదు. పనైపోయిందా?”

జనం గొల్లుమన్నారు. రామలింగప్ప చాచిన చెయ్యి తువ్వాలు సర్దుకోవడానికి పోయింది.

తాళంచెవి భీమక్క కొంగుననే నిలిచింది. గుంత తవ్విందెవరో తేల్చాలని మాత్రం ఒక్కరూ పట్టుబట్టలేదు. ఒక ఆడమనిషి పుస్తకం చదివినందుకు విచారణ జరిపిన ఊరు, పెద్దమనిషి గడ్డపార దగ్గరికి వచ్చేసరికి నవ్వి ఇంటికి పోయింది. ఇది న్యాయమని నేను ఒప్పుకోలేను.

ఆమె ఇప్పటికీ అదే మండపంలో చదువుతోంది. పటం మీద పాత దినపత్రిక ముక్క అతికించింది. ఎవరైనా పుస్తకం అడిగితే ముందు వారి చేతిలో ఫోన్ ఉందేమో చూస్తుంది. ఆ తరువాతే నోరు విప్పుతుంది.

“కథ కావాల్నా, పటం కావాల్నా?”