సాక్షికి తొడిగిన చొక్కా

ప్రొద్దుటూరు కోర్టు వెనక సందులో ఇప్పటికీ ఒక ఇస్త్రీ బండి ఉంది. మొన్న ఉదయం దాని పక్కగా పోతున్నాను. నీళ్లు చిలకరించిన నూలు చొక్కా మీద బొగ్గుల పెట్టె ఆనగానే బుస్సుమని ఆవిరి లేచింది. కొంచెం గంజి వాసన, కొంచెం బొగ్గు వాసన. ఫైళ్లు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఇస్త్రీ చేసే మనిషి తలెత్తి, "ఏం కావల్ల మేడం?" అన్నాడు. ఏమీ వద్దని చెప్పి వచ్చేశాను. ఆ రోజంతా మాత్రం వెంకటసుబ్బయ్య ప్లీడరు గారు నా వెంటే ఉన్నట్టనిపించింది. ఆయన దగ్గర ఆరేళ్లు జూనియర్‌గా ఉన్నాను. వకీలు పనిలో నాకు తెలిసిందల్లా ఆయన దగ్గర నేర్చుకున్నదే. నేను చేసిన అతిపెద్ద తప్పు కూడా ఆయన దగ్గర ఉన్నప్పుడే చేశాను.

మా అబ్బా, అంటే మా నాన్న, ప్రొద్దుటూరులో తాళాలు, ఇనప్పెట్టెలు బాగుచేసేవాడు. మా వీధిలో వకీలు చదువు చదివిన మొదటి ఆడపిల్లను నేను. పనిలో చేరిన రోజు కోటు ఇంకా దర్జీ దగ్గరే ఉండడంతో పాత చీరలోనే ప్లీడరు గారి ఆఫీసుకు పోయాను. గుమాస్తా నన్ను కిందికీ పైకీ చూసి, "సార్ యింగా రాలేదు. పోయి అరుగు మీద కూచో," అన్నాడు. గంటన్నర కూర్చున్నాను. మరునాడు నల్ల కోటు వేసుకుని పోతే అదే మనిషి లేచి నిలబడి, తువ్వాలుతో కుర్చీ తుడిచాడు. నాకు నవ్వొచ్చింది. ఆ సంగతి ప్లీడరు గారికి నవ్వుతూనే చెప్పాను. ఆయన నవ్వలేదు.

"నిన్న వచ్చింది నువ్వే, ఈ పొద్దు వచ్చింది నువ్వే. మరి వాడు లేచి నిలబడింది ఎవురికమ్మా?" అన్నాడు. మళ్లీ ఆయనే, "కోర్టులో గూడా ఇదే జరుగుతాది. కాకపోతే ఆడ పోయేది మన మర్యాద కాదు, మనుషుల ప్రాణాలు," అన్నాడు.

అవి ఫ్యాక్షన్ రోజులు. జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో పార్టీ అంటే జెండా కాదు, ఏ ఇంటి ముందు నుంచి నడవొచ్చు, ఏ ఇంటి ముందు నుంచి నడవకూడదు అన్న లెక్క. హత్య కేసుల్లో ముద్దాయిలు జీపుల్లో వచ్చేవాళ్లు. గంజి పెట్టిన తెల్ల ఖద్దరు చొక్కాలు, మడత నలగని పంచెలు. వాళ్లు వరండాలోకి రాగానే కోర్టు బంట్రోతు కుర్చీలు తెచ్చి వేసేవాడు. వాళ్లకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్లు బస్సు దిగి, చెమటతో, చిరిగిన బనియన్లతో గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లు. బోనెక్కితే వాళ్లను "ఏయ్, గట్టిగా చెప్పు" అని అదిలించేవాళ్లు. అదిలిస్తే వాళ్లు తడబడేవాళ్లు. తడబడితే అబద్ధం చెబుతున్నారని అనుకునేవాళ్లు. అందుకని ప్లీడరు గారి ఆఫీసులో, పుస్తకాల బీరువా పక్కన ఇంకో బీరువా ఉండేది. దాని నిండా ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలు, పంచెలు, నాలుగు నూలు చీరలు, రకరకాల కొలతల చెప్పులు. చాలా చొక్కాలు ఆయనవే. సాక్షి వచ్చిన ఉదయం ముఖం కడుక్కోమని నీళ్లిచ్చి, తన చేత్తోనే గుండీలు పెట్టేవాడు.

ఎందుకీ శ్రమ అని ఒకసారి అడిగాను. ఆయన సొంతూరు పెద్దముడియం దగ్గర. తండ్రి కూలి మనిషి. ఏదో కొట్లాట కేసులో తండ్రిని జమ్మలమడుగు కోర్టుకు సాక్షిగా పిలిచారట. భుజం మీద తువ్వాలు తీసి నడుముకు కట్టుకోమన్నారట. ఒంటి మీద ఉన్నది ఆ తువ్వాలూ, గోచీ మాత్రమే. ప్లీడరు గారు పెద్దయ్యాక ఆ పాత కేసు కాగితాలు తీయించి చదివాడు. "మా నాయన చెప్పిందంతా సక్రమంగానే రాసినారు. అడుగున మాత్రం, ఈ సాక్షి మందబుద్ధిగా కనిపిస్తున్నాడు అని ఒక ముక్క రాసినారు. మా నాయన మందబుద్ధి కాదమ్మా. సిగ్గుతో తల దించుకున్నాడు, అంతే." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. ఎన్నో ఏళ్లుగా మోసి అలసిపోయిన మనిషి గొంతు అది.

అలాగని ఆయనకు ఆ నల్ల కోటు మీద మోజు లేదు. ఒకసారి ఇద్దరం కేసు పని మీద పులివెందులకు బస్సులో పోతున్నాం. ఊరి బయట పోలీసులు బస్సు ఆపి, లుంగీల్లో ఉన్నవాళ్లందరినీ దింపి వరుసగా నిలబెట్టి తడమడం మొదలుపెట్టారు. ముందు సీట్లో ఖద్దరు చొక్కా ఆయన కదలకుండా కూర్చున్నాడు. ఎస్సై ప్లీడరు గారి కోటు చూసి, "మీరు కూర్చోండి సార్," అన్నాడు. ప్లీడరు గారు లేచి, బస్సు దిగి, లుంగీల వరస చివర చేతులెత్తి నిలబడ్డాడు. "మీరెందుకు సార్?" అని ఎస్సై ఇబ్బందిపడ్డాడు.

"లుంగీలో దాసుకునేదాని కంటే ఈ కోటులో శానా దాసుకోవచ్చప్పా. చూడాల్సిందే," అన్నాడు ప్లీడరు గారు.

ఎస్సై నవ్వాడు. వరుసలో ఉన్న వాళ్లెవరూ నవ్వలేదు. అయితే ఆ తర్వాత ఎస్సై ఖద్దరు చొక్కా ఆయన్ని కూడా కిందికి పిలిచాడు.

ఓబులేసు కేసు వచ్చింది నా నాలుగో ఏడాదిలో. ఓబులేసు గొర్రెల కాపరి. వాళ్ల పల్లెలో పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ వేసిన ఒక రైతును పట్టపగలు చేను గట్టు మీద నరికి చంపారు. ఊళ్లో అందరూ ఏమీ చూడలేదన్నారు. మందను తోలుకుని వస్తున్న ఓబులేసు ఒక్కడే చూశానన్నాడు. నరికినవాళ్లు నలుగురి పేర్లూ చెప్పాడు. చనిపోయిన రైతు భార్య మా ప్లీడరు గారి దగ్గరికి వచ్చి, ప్రభుత్వ వకీలుకు సాయంగా ఉండమని చేతులు పట్టుకుంది. విచారణ మొదలవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో ఓబులేసును బెదిరించారు, ఆశ పెట్టారు, మందలో కొన్ని గొర్రెలను చంపేశారు. అతను మాట మార్చలేదు. "చూసింది చూడలేదని యట్లా చెప్పేది సార్? ఆ మనిషి నా పేరు పెట్టి అరిచినాడు," అనేవాడు.

విచారణ రోజు ఉదయం ప్లీడరు గారు అతనికి తన లేత నీలం చొక్కా తొడిగి, నన్ను అతనితో ఉండమని చెప్పి ముందు వెళ్లాడు. ఓబులేసు ఆ చొక్కాలో బిగుసుకుపోయి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. "ఎవురన్నా అడిగితే ఏం చెప్పల్ల మేడమ్మా, ఈ సొక్కా గురించి?" అన్నాడు. నేను కాగితాలు సర్దుకునే తొందరలో ఉన్నాను. తల కూడా ఎత్తకుండా, "ఎవరడుగుతారు? అడిగితే నాదే అని చెప్పు," అన్నాను.

కోర్టులో మొదటి గంట అంతా బాగానే జరిగింది. జడ్జి గారు ఓబులేసును "మీరు" అన్నారు. "నిదానంగా చెప్పండి," అన్నారు. ఓబులేసు తల దించుకోకుండా, నలుగురినీ వేలుపెట్టి చూపించి, చూసింది చూసినట్టు చెప్పాడు. చనిపోయిన రైతు భార్య వెనక బెంచీ మీద కొంగు నోట్లో కుక్కుకుని వింటోంది. అప్పుడు ముద్దాయిల వకీలు లేచాడు.

"సొక్కా బాగుందప్పా ఓబులేసూ. నీదేనా?"

హాల్లో కొందరు నవ్వారు. ప్రభుత్వ వకీలు అభ్యంతరం చెప్పాడు. సాక్షి ఎంత నమ్మదగ్గవాడో తేల్చే ప్రశ్నేనని ఎదుటి వకీలు అన్నాడు. జడ్జి గారు అడగనిచ్చారు. ఓబులేసు నా వైపు చూశాడు.

"నాదే సార్."

"యాడ కుట్టించినావు?"

"ఈడనే... ప్రొద్దుటూర్లో."

"ఏ దర్జీ దగ్గర?"

ఓబులేసు మళ్లీ నా వైపు చూశాడు. ఎదుటి వకీలు అడిగితే, జడ్జి గారి అనుమతితో బంట్రోతు వెళ్లి ఓబులేసు కాలరు వెనక్కి మడిచాడు. లోపల నల్ల సిరాతో చాకలి గుర్తు. ఎదుటి వకీలు తన కాలరు కూడా మడిచి చూపించాడు. అదే చేతిరాత, గుర్తు వేరు. "మా వకీళ్ల బట్టలన్నీ ఉతికేది ఒకే ఇంట్లో సార్. ఈ గుర్తు ఎవరిదో ఈ హాల్లోనే ఉన్న పెద్దమనిషి ఒకాయన చెప్పగలడు," అన్నాడు.

వెంకటసుబ్బయ్య గారు లేచి నిలబడ్డాడు. "నాదే సార్. నేనే ఇచ్చినాను," అన్నాడు.

"చొక్కా వాళ్లు తొడిగినారు. మరి సాక్ష్యం ఎవరు తొడిగినారు?" అని ఎదుటి వకీలు కూర్చున్నాడు. ఆ తర్వాత ఓబులేసు ఏం చెప్పినా ఎవరూ వినలేదు. జడ్జి గారి నోటి నుంచి "మీరు" పోయి "నువ్వు" వచ్చేసింది.

వరండాలోకి రాగానే ఓబులేసు గబగబా చొక్కా విప్పి, మడతలు సరిచేసి నా చేతుల్లో పెట్టాడు. చిరిగిన బనియన్‌తో నిలబడి, నాకు మాత్రమే వినపడేట్టు, "నువ్వు చెప్పినావని ఎవురికీ చెప్పన్లే మేడమ్మా," అన్నాడు.

తీర్పు వచ్చింది. వేసుకున్న చొక్కా గురించే అబద్ధమాడిన సాక్షి మాట మీద నలుగురికి శిక్ష వేయలేమని రాశారు. ముద్దాయిలు పూలదండలతో జీపెక్కారు. చనిపోయిన రైతు భార్య మా ఆఫీసు మెట్ల మీద చాలాసేపు కూర్చుని, లేచి వెళ్లిపోయింది. ఆ మరునాడు ప్లీడరు గారికి నిజం చెప్పాను.

"తెలుసమ్మా," అన్నాడు ఆయన, ఫైలు మూసి. "ఓబులేసు సొంతంగా అబద్ధమాడే మనిషి కాదు. ఆ పొద్దు ఆఫీసులో ఉండింది మీరిద్దరే."

"మరి నన్ను ఒక్క మాట కూడా అనలేదే సార్?"

"ఏమని అనేది? సొక్కా తొడిగింది నేను. వాడు వాడి మాదిరిగా ఉంటే వినరని నేనే ముందు నమ్మినాను. ఆ జడ్జికీ నాకూ తేడా ఏముంది?"

ఆ వారంలోనే ఆ బీరువా ఖాళీ అయింది. బట్టలు ఎవరికిచ్చాడో నేను అడగలేదు.

కొన్ని నెలల తర్వాత ఇద్దరం చక్రాయపేట పోయాం. ఊళ్లో ఉండలేక ఓబులేసు మందను తెగనమ్మి, అక్కడ అత్తగారి ఊరు చేరాడు. వేరేవాళ్ల గొర్రెలు కాస్తున్నాడు. మమ్మల్ని చూసి మంచం వాల్చాడు. ప్లీడరు గారు కూర్చోకుండా, "తప్పు నాదప్పా," అన్నాడు. నేనూ ఏదో చెప్పబోయాను. ఓబులేసు ఇద్దరినీ ఆపాడు.

"ఉత్త బనీనుతో నిలబడింటే మటుకు నమ్మేటోళ్లా సార్? నమ్మేటోళ్లు కాదు. నేను జూసినా. అది నాకు తెలుసు. మజ్జిగ తాగండి, యండన పడి వచ్చినారు."

అది మమ్మల్ని ఓదార్చడానికి అన్నాడో, నిజంగానే అలా అనుకున్నాడో తెలియదు. కేసును ఓడించింది ఆ చొక్కానో, చిరిగిన బనియన్‌తో వచ్చినా అంతేనో ఇన్నేళ్లయినా నేనూ తేల్చుకోలేకపోయాను.

తర్వాత ప్లీడరు గారు ఏ సాక్షికీ చొక్కా తొడగలేదు. దానికి బదులు ఇంకో పని మొదలుపెట్టాడు. సాక్షిని ఎవరైనా "ఏయ్" అంటే చాలు, లేచి నిలబడి, "ఆయన పేరు ఫలానా సార్, ఇంత దూరం నుంచి వచ్చినాడు," అనేవాడు. కొందరు జడ్జీలు విసుక్కునేవాళ్లు. ఒకాయన, "కూర్చోండి, ఇదేం సన్మాన సభ కాదు," అన్నాడు కూడా. ఈయన కూర్చునేవాడు. మళ్లీ ఎవరైనా "ఏయ్" అంటే మళ్లీ లేచేవాడు. దానివల్ల గెలిచిన కేసులు ఏవో నాకు గుర్తులేదు. ఓడినవి చాలా ఉన్నాయి. చూపు మందగించి మానేసేదాకా ఆయన అలాగే చేశాడు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఇప్పుడు ఆ వేటకొడవళ్ల రోజులు లేవు. ఖద్దరు చొక్కాల వాళ్ల కొడుకులు కాంట్రాక్టులు చేసుకుంటున్నారు. వాళ్లకు వేసే కుర్చీలు మాత్రం అలాగే ఉన్నాయి. పోయిన నెల జమ్మలమడుగు కోర్టులో ఒక భూమి తగాదా కేసులో, నా తరఫున, చాపాడు వైపు నుంచి లక్ష్మీదేవి అనే ఆమె సాక్ష్యానికి వచ్చింది. ముందు రోజే ఫోన్ చేసి, "మంచి చీర యెవుర్నన్నా అడుక్కోని కట్టుకోని రావల్నా మేడమ్మా?" అని అడిగింది. "నీకు ఏది ఇష్టమైతే అది కట్టుకో. అడిగితే ఎవరిదో నిజం చెప్పు," అన్నాను. కలుపు పనికి పోయే చీరలోనే వచ్చింది. బోనెక్కేటప్పుడు బంట్రోతు, "ఏయ్, చేతులు కట్టుకో," అన్నాడు.

మోకాళ్లు నొప్పిగా ఉన్నా లేచాను. "ఆమె పేరు లక్ష్మీదేవి సార్," అన్నాను. జడ్జి గారు కళ్లద్దాల మీదుగా నా వైపు చూసి, ఆమె వైపు చూసి, "చెప్పండి," అన్నారు. ఆమె మాట నమ్ముతారో లేదో నాకు తెలియదు. ఆమె చెప్పడం ముగిసేదాకా నేను కూర్చోలేదు.