శని గుడి వీధిలో కొన్న పెళ్లి ఉంగరం

నేను పెళ్లి మాట ఎత్తిన తీరు వింటే మీకు నవ్వు రావచ్చు, నా మీద జాలి రావచ్చు. శని గుడికి పేరుమోసిన మా ఊరు పావగడ మీద మాత్రం కోపం తెచ్చుకోకండి. ఆ ఘోరమంతా నా స్వహస్తాలతోనే జరిగింది.

అప్పుడు నేను బలసముద్రం దగ్గర సోలార్ పలకలు కడిగించే పనిలో ఉన్నాను. అదే ప్లాంటు ఆఫీసులో భాగ్య కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆమె అంటే ప్రాణం గానీ చెప్పడానికి నోరు పెగిలేది కాదు. ఇంతలో తెలిసింది, ఆదివారం ఆమె పెళ్లిచూపులకు మడకశిర నుంచి ఎవరో వస్తున్నారట! ఆలోపల నేను అడగాలి, లేదా ఆ పెళ్లిలో పప్పు వడ్డించాలి. బంగారు ఉంగరం కొనాలంటే శెనక్కాయ పంట ఇంటికి రావాలి. అందాకా ఏదో చవకదానితో సరిపెట్టి, తర్వాత అసలుది తొడగవచ్చని నా మహత్తర పథకం.

నేరుగా శని గుడి వీధికి వెళ్లాను. అంగడిలో పెద్దాయన ఉన్నాడు. అద్దం వెనక రాళ్ల ఉంగరాలు మెరుస్తున్నాయి.

“అన్నా, ఉంగరం కావాల. కొన్నాళ్లు మన్నితే చాలు.”

“ఎవురికి పట్టిందప్పా?”

ప్రేమపిచ్చి నా మొహంలోనే కనిపించిందని మురిసిపోయాను. “నాకేన్నా. బాగా పట్టింది.”

“నిద్ర పడ్తాదా?”

“యాడ పడ్తాదన్నా!”

“అన్నం?”

“సయించదు.”

“అయ్యో, ముదిరిపోయినాది!” అని ఆయన నా భుజం తట్టాడు. “అద్దంలోవి నీకు పనికిరావు. దీంతో అంతా మంచే అయితాది, పో.”

ఏదో నల్లగుడ్డలో చుట్టి ఇచ్చాడు. కొత్త రకం ప్యాకింగేమో అనుకున్నాను. అందం చెడుతుందని విప్పి చూడనైనా లేదు. ఇలాంటి తెలివిగలవాణ్ణి మీరెక్కడైనా చూశారా?

మర్నాడు మధ్యాహ్నం భాగ్యను పలకల వరుసల మధ్యకు పిలిచాను. ఫోన్లో చూసినట్టే మోకాలి మీద కూర్చున్నాను. ఫోన్లో వాళ్లకు పల్లేరుకాయలు ఉండవు. “అబ్బా!” అన్నదే నా ప్రేమసందేశంలో మొదటి మాట. కళ్లనీళ్లతోనే మూట అందించాను.

ఆమె విప్పింది. నాలుగు నల్లనువ్వులు రాలాయి. లోపల ఇనుప ఉంగరం! శని పట్టినవాళ్లు వదిలించుకోవడానికి మధ్యవేలికి తొడుక్కునేది! పావగడలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు అప్పుడు వెలిగింది.

“ఎవురికి పట్టింది శని? నాకా?” అంది భాగ్య.

“ఛ ఛ, పట్టింది నాకు.”

“అంటే నేనా నీకు శని?”

“కాదు భాగ్యా... ఇది అందాకా... శెనక్కాయలు అమ్మినాక బంగారుది...”

“నడమ శెనక్కాయలేందప్పా?”

“నన్ను పెండ్లి చేసుకుంటావా?”

అనేశాను. ఆమె ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీన్ని తొడుక్కుంటే పట్టింది వదిలిపోతాదంట. నేను తొడుక్కుంటే నువ్వు పోతావా?”

“చచ్చినా పోను!”

“మరి నాకెందుకిది? నువ్వే తొడుక్కో. దానివల్ల లాభం లేదులే. శనయితే ఏడున్నరేండ్లకు వదుల్తాది. నేను వదల్ను. ఆదివారం వాళ్లను రావద్దనమని మా నాయనకు చెప్తా.”

ఎగిరి లేచి పలక అంచుకు తల కొట్టుకున్నాను. బొప్పి కట్టింది. ఆ బొప్పిని కూడా ముద్దు పెట్టుకోవాలనిపించింది.

కాబట్టి పాఠక మహాశయులారా, మా ఊరికి అన్నం పెడుతున్న సూర్యభగవానుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ చవక ఉంగరంతో ఏ ఆడపిల్లనూ పెళ్లి అడగను గాక అడగను!

నా భుజం మీదుగా ఇదంతా చదివిన భాగ్య ఇప్పుడే అడిగింది: “అంటే, బంగారుదైతే అడుగుతావా?”