గడువత్తా, బొమ్మల డాక్టరూ

మా మేనత్తను వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. గడువత్త అంటారు. వెబ్‌సైట్ పేర్ల గడువులు కనిపెట్టుకుని ఉండటం ఆవిడ పని. ఈ పేర్లు ఎవరికీ సొంతం కావు, అద్దెకు తెచ్చుకున్నవి. గడువులోగా పొడిగించుకోకపోతే ఇంకెవరో ఎగరేసుకుపోతారు. తాళాల షాపు నుంచి పళ్ల డాక్టరు దాకా నలభై మూడు పేర్లు ఆవిడ చేతిలో ఉన్నాయి. వంటింటి గోడ నిండా తేదీలే. కళ్లజోడు ఎక్కడ పెట్టిందో గుర్తుండదు గానీ, ఎవరి పేరు ఏ రోజుతో చెల్లిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. "నా చేతిలో ఒక్క పేరూ పోలేదు" అన్నది ఆవిడ ఊతపదం. రోజుకు నాలుగుసార్లు అది వినకపోతే మాకు పొద్దు గడవదు.

ఒక మంగళవారం నాలుగింటికి బొమ్మల డాక్టరు ఊడిపడ్డాడు. విరిగిన బొమ్మలు బాగుచేసే పెద్దాయన. చేతులు ఊడిన, కళ్లు పోయిన బొమ్మల ఫొటోలు జనం ఆయన సైటుకే పంపుతారు. ఆయన బతుకుతెరువంతా అదే.

"అమ్మాయ్, వారం నుంచీ ఒక్క బొమ్మా రాలేదు. పిల్లలు బుద్ధిమంతులైపోయారనుకున్నా. తీరా చూస్తే సైటే తెరుచుకోవట్లేదు."

అత్త చూసింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. గడువు ఎప్పుడో దాటింది. పైన ఇచ్చిన అదనపు రోజులు కూడా ఆ సాయంత్రం ఐదింటితో సరి. ఆ తర్వాత పేరు వేలానికి పోతుంది.

పేర్లు అద్దెకిచ్చే కంపెనీకి ఫోన్ చేసింది. ఖాతా తెరవడానికి కోడ్ మెయిల్‌కే పంపుతామన్నాడు అవతలి కుర్రాడు. ఆ మెయిల్ అడ్రసు ఉన్నదీ ఆ పేరు మీదే. పేరుతోపాటు అదీ మూగబోయింది. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకున్నట్టయింది. నాకు నవ్వొచ్చింది గానీ అత్త ముఖం చూసి మింగేశాను.

"వేరే దారే లేదా నాయనా?"

"రికార్డులో ఒక ల్యాండ్‌లైన్ ఉందండీ. ఫోన్ చేసి మిషనే కోడ్ చదువుతుంది. రెండుసార్లే చేస్తుంది."

డాక్టరు నీళ్లు నమిలాడు. "లైనుంది. బద్ధకించి తీయించలేదు. ఫోనే... మాట్లాడే బొమ్మకు గొంతు పోతే, రిసీవర్లో స్పీకరు పీకి దాని కడుపులో పెట్టా. భలే మాట్లాడుతోందిలే!"

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ముగ్గురం ఆయన షాపుకు పరుగెత్తాం. ఒక డబ్బాలో చేతులు, ఒక డబ్బాలో కళ్లు, బల్ల కింద దుమ్ము పట్టిన ఫోను. డాక్టరు బొమ్మ వీపు విప్పి, దాని స్పీకరుకు ఫోను వైర్లు తగిలించాడు. ఐదింటికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఫోను మోగింది. అత్త రిసీవరెత్తి, బొమ్మ కడుపుకు చెవి ఆనించింది.

"ఏడు... సున్నా... అమ్మా, నాకు ఆకలేస్తోంది!" అంది బొమ్మ.

మిగతా అంకెలు దాని ఆకలికే పోయాయి.

"బ్యాటరీ తియ్యండి బాబాయ్!" అత్త అరిచింది.

బ్యాటరీ తీశాక రెండోసారి మోగింది. ఈసారి బొమ్మ బుద్ధిగా ఆరు అంకెలూ చెప్పింది. అత్త పలుకుతుంటే నేను కొట్టాను. ఖాతా తెరుచుకుంది, గడువు పొడిగించాం, పేరు నిలబడింది. డాక్టరు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"నీ చేతిలో ఒక్క పేరూ పోదమ్మాయ్!"

ఆ మాట చెవిన పడితే చాలు, మామూలుగా అత్త పొంగిపోతుంది. ఆ రోజు స్టూలు మీద కూలబడింది.

"నా వల్లే పోబోయింది బాబాయ్. నా మొదటి బేరం మీదే. మెయిల్ ఆ పేరు మీదే పెట్టింది నేను. పదేళ్లకు ఒకేసారి తీసుకుని, గోడ మీద రాయడం మరిచిందీ నేనే. గడువైపోయిందని ఉత్తరాలొస్తే మోసం, తెరవకండని మీకు చెప్పింది కూడా నేనే."

నాకు అత్త మీద జాలేసింది, గర్వంగా కూడా అనిపించింది. డాక్టరు బొమ్మ వీపుకు స్క్రూలు బిగించి, గౌను సర్ది, అప్పుడు తలెత్తాడు.

"ముప్పై ఏళ్లుగా ఎన్ని బొమ్మలు బాగుచేశానో లెక్కలేదు. ఎలా విరిగిందని అడిగితే అందరూ 'దానంతటదే విరిగింది' అన్నవాళ్లే. నేనే విరగ్గొట్టానన్నది నువ్వొక్కదానివే."