గోరిమేడు ఎక్కిన పెళ్ళికొడుకు వీపు

ఒక మనిషి తన పెళ్ళిని ఎన్ని విధాలుగా చెడగొట్టుకోవచ్చో మీకు తెలియకపోవచ్చు. నాకు తెలుసు. నేను కారుతో చెడగొట్టుకోబోయాను, అదీ ఊరంతా చూస్తుండగా, నాదస్వరంతో సహా!

అప్పుడు నేను పుదుచ్చేరిలో ఒక ఫ్రెంచి దొర దగ్గర డ్రైవరుని. దొరది బుల్లి కారు. ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి. పట్టణంలో కార్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని ఉన్న రోజులు కదా, స్టీరింగు పట్టుకుంటే నేనే గవర్నరుననుకునేవాణ్ణి. మొదటి గేరు వేయడమంటే నాకు నామోషీ. కదిలీ కదలగానే మూడోది వేసి, కారు దగ్గుతుంటే హారను కొట్టి ఆ దగ్గు కప్పిపుచ్చేవాణ్ణి.

గోరిమేడులో (మేడంటే మిట్ట) ఎద్దుబళ్ళు తోలే వీరాసామి మామ తన కూతురు కనకాన్ని నాకు ఇస్తానన్నాడు. కనకమంటే నాకు ప్రాణం. మామకు మాత్రం కారంటే గిట్టదు. బండిని అక్కడ వండి అంటారు.

"ఆ డబ్బా వండి మా మేడు ఎక్కతాదా అల్లుడా?"

"ఒక్క దమ్ములో ఎక్కతాది మామా!"

"నా ఎద్దుల్ని కట్టి లాగాల్సి వస్తే?"

"డ్రైవరు పని మానేసి, మీ ఇంట్లోనే ఉండి ఆ ఎద్దుల్నే తోలతా!"

చూశారా నా నోటి దురద? ఎవరు అడిగారు నన్ను?

పెళ్ళినాడు దొరనడిగి తెచ్చిన కారులో నేనొక్కణ్ణే ఉన్నాననుకుంటున్నారేమో. అమ్మ, అక్క, అక్క ఒళ్ళో పసుపు కుంకుమల పళ్ళెం, ముగ్గురి బరువు ఒక్కడే మోసే మా పెదనాన్న, కాళ్ళ దగ్గర లడ్డూల బుట్ట. పైగా మా ఇళ్ళలో ఒక ఆచారం. పెళ్ళికొడుకుతో బండెక్కినవాళ్ళు ఆడపిల్లవాళ్ళు హారతి ఇచ్చేదాకా నేలమీద కాలు పెట్టకూడదు.

మేడు మొదలైంది. మూడో గేరులో కారు దగ్గింది. రెండోదానిలో మూలిగింది. నామోషీ చంపుకుని మొదటిది వేశాను. పది బారలు పాకి ప్రాణం విడిచింది.

"పెదనాన్నా, కొంచెం దిగవా?"

"ఏందిరా, హారతి లేకుండా దిగేదా? పిల్లకి కీడు!"

పైన మామ అప్పుడే ఎద్దులకు కాడి కడుతున్నాడు. నవ్వుతూ మరీ కడుతున్నాడు! ఇక బతుకంతా ఆ రెండు తోకల వెనకేనా?

అప్పుడు గుర్తొచ్చింది కార్లు బాగుచేసే మా మేస్త్రీ చెప్పిన మాట. "ఈ వండిలో వెనక గేరుకే బలం జాస్తి. ఇంజను ఎక్కువ తిరుగుతాది, చక్రం తక్కువ తిరుగుతాది."

కారును కిందికి దొర్లించాను. నేను దిగకూడదు కనుక వెంట నడిచే మేళంలోంచి డోలు ఆయన వచ్చి, కారు ముందున్న హ్యాండిలు తిప్పి ఇంజను మళ్ళీ లేపాడు. చదునులో కారును పట్టణం వైపు తిప్పాను.

"తమ్ముడా, యాడికి పోతుండావు? పెళ్ళొద్దా నీకు?" అక్క గొల్లుమంది.

"పెళ్ళికే పోతుండా అక్కా!"

వెనక గేరు వేశాను. కారు గర్జించి వెనక్కి ఎక్కడం మొదలెట్టింది! లడ్డూలు దొర్లాయి, నాదస్వరం వాళ్ళు చేలోకి దూకారు. మెడ తిప్పి చూస్తే నాకు పెదనాన్న తప్ప దారి కనబడలేదు. చివరికి పందిరి అరటిచెట్టును తాకి ఆగాను.

కనకం వాళ్ళ అవ్వకు చూపు ఆనదు. హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది. కారు వెనక కట్టిన అదనపు చక్రానికి హారతి తిప్పి, బొట్టు పెట్టి, దాని బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

"మాపిళ్ళ నలుపే గానీ, పెళ్ళికొడుకు మొగం గుండ్రంగా నిండుగా ఉండాది!"

మామ కాడి కింద పడేశాడు. "ఎద్దులు లేకుండానే ఎక్కినావు, ఒప్పుకుంటా. కానీ నా ఎద్దులు కూడా వీపు చూపించి పెళ్ళికి రావు అల్లుడా!"

తర్వాత అరిగిపోయిన ఆ చక్రాన్ని దొర నాకే ఇచ్చేశాడు. ఇప్పటికీ పెళ్ళిరోజున కనకం ముందుగా దానికి బొట్టు పెట్టి, ఆ తర్వాతే నా ముఖం చూస్తుంది. "అవ్వ మెచ్చిన మాపిళ్ళ అదే కదా!" అంటుంది.

అందుకే ఆ చక్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎన్ని జన్మలెత్తినా, ఎన్నిసార్లు పెళ్ళి చేసుకున్నా (కనకాన్నే లెండి), అత్తవారింటికి ముఖం ముందు పెట్టుకునే, మొదటి గేరులోనే వెళ్తాను. పెదనాన్నను మాత్రం మామ ఎద్దుబండిలో పంపిస్తాను.